ఏటిలో దిగిన ఆ ఆరుగురి పేర్లు: తెలుగు క్రైస్తవ సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన బిషప్పులకు, కన్వెన్షన్ల, సినడుల, సమాజాల అధ్యక్షులకు, వేదాంత కళాశాలల ప్రిన్సిపాళ్లకు, స్థానిక సంఘాల పెద్దలకు,

ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనములు.

ఒంగోలుకు ఉత్తరాన, వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందిన సంఘటనకు 2028 జూలై 3వ తేదీతో 150 సంవత్సరాలు నిండుతాయి. ఆ సందర్భం గురించి మీలో కొందరు ఇప్పటికే ఆలోచిస్తూ ఉండవచ్చు. ఆలోచించకపోయినా, ఏడాది ముందు కమిటీలు వేయడం, స్మారక సంచికకు ప్రకటనలు సేకరించడం, విదేశీ అతిథులను ఆహ్వానించడం, మైదానం నిండా పందిళ్లు వేయడం మన సంఘాలకు కొత్త కాదు. వాటిలో ఏదీ తప్పని నేను అనను. అయితే ఆ సంచిక అచ్చుకు వెళ్లకముందే, వేదిక వెనుక ఎవరి ఫొటోలు పెట్టాలో తేలిపోకముందే, మన పూర్వ ప్రసంగీకుల చరిత్రను మనం రాసుకుంటున్న తీరు గురించి మీకు కొన్ని మాటలు విన్నవించుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను. తెలుగు నేలమీద సువార్త ప్రకటించిన తెలుగు బోధకుల జీవితాలను, వాటికి ఆధారాలు ఇంకా మన చేతికి అందుతున్న కాలంలోనే, అతిశయోక్తులు లేకుండా, లోపాలు దాచకుండా, పేరుపేరునా రాయించమని నా ప్రార్థన.

ముందుగా 1878 నాటి ఆ జూలై 3 సంగతే చూద్దాం. మన ప్రసంగాలలోనూ పుస్తకాలలోనూ ఆ రోజు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ డాక్టర్ జాన్ ఎవరెట్ క్లౌ పేరుతోనే ముడిపడి ఉంటుంది. అందులో అన్యాయం ఏమీ లేదు. 1836లో న్యూయార్కు రాష్ట్రంలో పుట్టి, సర్వేయరుగా పనిచేసి, 1865లో ఇండియాకు వచ్చి, మరుసటి ఏడు ఒంగోలులో స్థిరపడిన ఆ మనిషి సామాన్యుడు కాడు. 1876-78 నాటి మహా కరువులో ఆయన తనకు తెలిసిన సర్వే విద్యను అక్కరకు తెచ్చుకుని, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. గింజల కోసం మతంలో కలిశారన్న నింద రాకూడదని పదిహేను నెలలపాటు బాప్తిస్మాలు నిలిపివేశాడు. కూలి పనులు ముగిసి, పంచిపెట్టడానికి ఏమీ మిగలని కాలంలో కూడా జనం ఊళ్లకు ఊళ్లు కదిలివచ్చినప్పుడు ఇక నిలపలేకపోయాడు. ఆ సంవత్సరం ముగిసేసరికి సంఘంలో చేరినవారు 9,606 మంది.

ఇంతవరకు మనందరికీ తెలిసిన కథే. కానీ ఆ రోజు ఏటిలో దిగి బాప్తిస్మాలు ఇచ్చినవారు తెలుగు బోధకులు. వారు ఆరుగురు. ఒకసారికి ఇద్దరు నీళ్లలో నిలబడేవారు, వాళ్లు అలసిపోతే మరో ఇద్దరు వాళ్ల స్థానంలోకి వచ్చేవారు. పొద్దున మొదలైన పని మధ్యాహ్నం ఎండకు కాసేపు ఆగి మళ్లీ సాయంత్రం దాకా సాగింది. అంతకుముందు పల్లె పల్లెనూ తిరిగి, ఫలానా మనిషి నిజంగా విశ్వసించాడా, విగ్రహారాధన మానుకున్నాడా అని విచారించి, ఇతనికి బాప్తిస్మం ఇవ్వవచ్చునని పూచీ పడినవారు కూడా ఆ బోధకులూ వారి తోటివారే. క్లౌ ఒడ్డున నిలిచి ఏర్పాట్లు చూశాడు. ఆ రోజున నీళ్లలో నిలబడిన ఆరుగురి పేర్లను మన సంఘాలలో ఎంతమంది పాస్టర్లు చెప్పగలరు? సండే స్కూలు పరీక్షల్లో 2,222 అనే అంకె ఎన్నిసార్లు అడిగి ఉంటాం? ఆ ఆరుగురి గురించి ఒక్క ప్రశ్న అయినా అడిగామా?

ఈ విషయంలో యర్రగుంట్ల పేరయ్య జీవితాన్ని కాస్త విస్తారంగా తలచుకోవలసి ఉంది. ఆయన కనిగిరి వైపు తాళ్ళకొండపాడు గ్రామానికి చెందిన మాదిగ. తోళ్ల వ్యాపారం చేసేవాడు. క్రీస్తును గురించి వినకముందే దేవుని వెతుకులాటలో ఉన్నవాడు, రాజయోగ మార్గంలో ఉపదేశం పొంది, ధ్యానం నేర్చి, తనవాళ్లలో గురుస్థానం సంపాదించుకున్నవాడు. తోళ్ల బేరం మీద ఉత్తరం వైపు వెళ్లినప్పుడు ఏలూరు ప్రాంతంలో సువార్త విన్నాడు. తిరిగివచ్చి, ఎవరూ పంపకుండానే, ఎవరూ జీతం ఇవ్వకుండానే, తాను విన్నది తన బంధువులకు చెప్పడం మొదలుపెట్టాడు. 1866లో బాప్తిస్మం పొందాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిదిమంది సభ్యులతో ఏర్పడగా, అదే నెలలో ఆయన పిలుపుమీద క్లౌ సుమారు నలభై మైళ్లు ప్రయాణించి తాళ్ళకొండపాడు చేరినప్పుడు అక్కడ పరిసర గ్రామాల నుంచి వచ్చి కూర్చున్న మనుషులు కనిపించారు. ఆ కొద్ది రోజులలో 28 మంది బాప్తిస్మం పొందారు. దొర వెళ్లేసరికే పొలం దున్ని విత్తనం చల్లి ఉన్నదన్నమాట. దున్నినవాడు పేరయ్య.

మన ప్రసంగాలలో ఈ ఘట్టాన్ని చెప్పే పద్ధతి వేరు. ఒంగోలులో పై కులాలవారు కొందరు మిషను పట్ల ఆసక్తి చూపడం, మాదిగలను చేర్చుకుంటే మేము రామని వారు చెప్పడం, క్లౌ, ఆయన భార్య హారియట్ వేరువేరు గదులలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమే రావడం, లోకంలో నీచులైనవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న ఆ మాటను వారు దైవనిర్ణయంగా స్వీకరించడం మనకు కంఠతా వచ్చు. క్లౌ స్వయంగా చెప్పుకున్న అనుభవం అది, దాన్ని నేను కాదనను. కానీ ఆ కథను అంతవరకే చెప్పి ఆపితే, నిర్ణయమంతా మిషను బంగళాలో జరిగినట్లూ, మాదిగపల్లెలో ఉన్నవారు ఎవరో తమను ఏర్పరచుకుంటే చాలునని చేతులు కట్టుకుని నిలబడినట్లూ అర్థం వస్తుంది. జరిగింది అది కాదు. బంగళాలో బైబిలు తెరుచుకునేనాటికే పల్లెల్లో పేరయ్యవంటివారు తమ నిర్ణయం తాము తీసుకున్నారు.

ఆ నిర్ణయానికి వారు చెల్లించిన వెల కూడా మన పుస్తకాలలో సరిగా కనబడదు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు అని మూడు నియమాలు పెట్టారు. ఇవాళ చదివితే ఇవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి. ఊరి జాతరలో డప్పు కొట్టడం, రైతుకు ఏ రోజున కావలసివస్తే ఆ రోజున వెట్టికి వెళ్లడం, చచ్చిన పశువును ఈడ్చుకుపోవడం తప్ప వేరే బతుకు లేని మనిషి ఆ మూడు నియమాలకు కట్టుబడితే అతనికి ఊరిలో గింజ పుట్టదు, బావి దగ్గరకు వెళ్లే దారి ఉండదు, చేయని దొంగతనం అతని మీద పడుతుంది. ఆ కష్టంలో అతని పక్కన నిలబడినవాడు చాలాసార్లు మిషనరీ కాదు, పక్క ఊరి నుంచి నడిచివచ్చిన బోధకుడు. ఆ బోధకుడు అతనికి బంధువో, బంధువుకు బంధువో అయి ఉండేవాడు. సువార్త అంత త్వరగా పాకడానికి ఈ బంధుత్వాల దారే కారణమని, పేరయ్యలాంటివారు వెనుకటి గురుశిష్య పద్ధతినే కొత్త బోధకు వాడుకున్నారని క్లౌ రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ఇంగ్లీషులో ప్రచురించిన పుస్తకం చదివితే తెలుస్తుంది. మాదిగ బోధకుల నోటిమాటలు విని ఆమె రాసిపెట్టింది కాబట్టి ఆ మాత్రమైనా దక్కింది. తెలుగు బోధకుల కథ మొదట ఇంగ్లీషు పాఠకుల కోసం అచ్చయిందన్న సంగతి మన పెద్దలు కాస్త ఆలోచించవలసిన విషయం.

ఇలా జరగడానికి కారణం ఎవరి దురుద్దేశమో అని నేను అనుకోవడం లేదు. మిషనరీలు తమను పంపిన సొసైటీలకు ఏటేటా నివేదికలు రాయాలి, ఇంటికి ఉత్తరాలు రాసేవారు, డైరీలు పెట్టుకునేవారు, ఫొటోలు తీయించుకునేవారు. ఆ నివేదికలు చదివి చందాలు ఇచ్చేవారు దూరదేశంలో ఉన్నారు గనుక వారికి తెలిసిన దొర పేరు ముందుకు వచ్చేది, తెలియని తెలుగువాడు పేరు లేకుండా 'సహాయకుడు'గా మిగిలేవాడు. బోధకుడు నోటితో చెప్పాడు, పాటతో చెప్పాడు, నడిచి చెప్పాడు, కాగితం మీద పెట్టలేదు. కాగితం ఉన్నవాడి చరిత్ర నిలిచింది. ఇది 19వ శతాబ్దపు పరిస్థితి. 21వ శతాబ్దంలో కూడా మనం అదే కాగితాన్ని అనువదించుకుని, అదే వరుసలో, అదే కొలతలతో అచ్చువేసుకుంటూ ఉండడం మాత్రం మన లోపమే.

స్త్రీల విషయంలో ఈ లోపం ఇంకా పెద్దది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద జరిగిన ప్రార్థనను మనం ఇప్పటికీ స్మరించుకుంటాం, ఆ కొండకే ప్రార్థన కొండ అన్న పేరు వచ్చింది. ఆ రోజు కొండ ఎక్కినవారు అయిదుగురు: మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య యూఫీమియా, తెలుగువారిలో నర్సు అనే క్రైస్తవుడు, జూలియా, రూతు. లెక్క వేసి చూస్తే అయిదుగురిలో ముగ్గురు స్త్రీలు, తెలుగువారు ముగ్గురిలో ఇద్దరు స్త్రీలు. అయినా ఆ కొండ గురించి చెప్పే ప్రసంగంలో జూయెట్ ప్రార్థన వినబడుతుంది, జూలియా, రూతుల పేర్లు జాబితా చివర పడతాయి, లేదా పడవు. ఆ తరువాతి కాలంలో మిషన్లన్నిటిలోనూ బైబిలు స్త్రీలు అనే పేరుతో పనిచేసినవారు పురుషులు అడుగుపెట్టలేని ఇళ్లలోకి వెళ్లి, చదువురాని ఆడవాళ్లకు వాక్యం కంఠస్థం చేయించి, రోగుల దగ్గర, బాలింతల దగ్గర కూర్చున్నారు. వారిని ప్రసంగీకులుగా లెక్కించడానికి మనకు ఇప్పటికీ నోరు రాదు. ప్రసంగ పీఠం ఎక్కితేనే ప్రసంగమా?

బాప్టిస్టుల గురించే ఎక్కువగా చెప్పానని మిగతా సంఘాల పెద్దలు అనుకోవద్దు, జూలై 3 సందర్భం అటు లాగింది. కృష్ణా ప్రాంతంలో సి.ఎం.ఎస్. (ఆంగ్లికన్ల చర్చ్ మిషనరీ సొసైటీ) చరిత్ర తిరగేస్తే రాఘవాపురం వెంకయ్య కనిపిస్తాడు. ఈ పగోలు వెంకయ్య మాల కులస్థుడు, 1859లో డార్లింగ్ అనే మిషనరీ దగ్గర బాప్తిస్మం పొంది, తనవారందరినీ ఆ దారిలోకి తీసుకువచ్చి, మూడు దశాబ్దాలు జీతం లేని సువార్తికుడిగా జీవించాడు. గోదావరి డెల్టాలో 1836లో వచ్చిన బౌడెన్, బీర్ మిషనరీ కుటుంబాల పేర్లు పాలకొల్లు, నరసాపురం వైపు ఇప్పటికీ వినిపిస్తాయి, వారితో కలిసి ధవళేశ్వరం ఆనకట్ట కూలీల మధ్య తిరిగిన తెలుగు సువార్తికుల పేర్లు వినిపించవు. 1842 జూలై 31న గుంటూరు చేరిన ఫాదర్ హయ్యర్ డెబ్బైయేళ్లు దాటిన వయసులో మళ్లీ సముద్రం దాటి వచ్చాడని లూథరన్ సంఘాలు గర్వంగా చెప్పుకుంటాయి, చెప్పుకోవలసినదే. ఆయన తొలి ప్రసంగాలను తెలుగులోకి మార్చి జనానికి వినిపించిన నోళ్లు ఎవరివో కూడా అదే గర్వంతో చెప్పుకోగలిగితే బాగుండును.

పురుషోత్తం చౌదరి గారి సంగతి ఇంకో రకం. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో వంగదేశపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో క్రైస్తవుడై, 1890 వరకు జీవించిన ఆయన పాటలు ప్రతి ఆదివారం అన్ని సంఘాలలోనూ వినిపిస్తూనే ఉన్నాయి. కీర్తనల పుస్తకంలో ప్రతి పాటకు రాగతాళాలతో పాటు రచయిత పేరు కూడా అచ్చయి ఉంటుంది. మనం నంబరు చూసి పాడతాం, పేరు చదవం. ఆయన ఊరూరా తిరిగి ప్రసంగాలు చేసినవాడనీ, ఆ ప్రసంగాలే పాటలుగా నిలిచాయనీ చాలామందికి తెలియదు. తెలుగు ఛందస్సు, కర్ణాటక రాగాలు తెలిసిన మనిషి కొత్త విశ్వాసాన్ని పాత సాహిత్య సంప్రదాయంలో ఎలా ఇమిడ్చాడన్నది వేదాంత కళాశాలలో ఒక సెమిస్టరంతా చదవదగిన విషయం.

జాన్ రంగయ్య గారి పేరు వేరుగా ఎత్తాలి, ఎందుకంటే ఆయన జీవితం మన కథను తలకిందులు చేస్తుంది. 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు చెరకు తోటల్లో, తరువాత తేయాకు తోటల్లో ఒప్పంద కూలీలుగా వెళ్లినవారిలో తెలుగువాళ్లు ఎంతోమంది. వారిలోని బాప్టిస్టులకు కాపరి కావాలని కబురు వస్తే, తెలుగు బాప్టిస్టుల సొంత హోం మిషనరీ సొసైటీ తన ఖర్చుతో నెల్లూరు ప్రాంతపు వాడైన రంగయ్యను 1903లో పంపింది. ఆయన కియర్స్‌నీ తోటలలో సంఘం స్థాపించి, పన్నెండేళ్లు పనిచేసి, 1915లో అక్కడే మరణించాడు. అక్కడి భారతీయ బాప్టిస్టు సంఘాలు ఆయనను తమ మూలపురుషుడిగా చెప్పుకుంటాయి. మనం మిషనరీలను అందుకున్నవాళ్లం మాత్రమే అనుకుంటాం. ధాన్యం అమ్ముకుని చందాలు వేసుకునే పేద సంఘాలు ఆ రోజుల్లోనే సముద్రాల అవతలికి మిషనరీని పంపాయన్న సంగతి మన యువజనులకు ఏ పాఠంలో చెబుతున్నాం?

ఇక దోర్నకల్ బిషప్పు అజరయ్య గారి విషయంలో మరుపు లేదు, మితిమీరిన భక్తి ఉంది. అది కూడా చరిత్రకు మేలు చేయదు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి జిల్లాలో పుట్టిన తమిళుడు. తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనలో ముఖ్యుడై, పట్టణంలో మంచి ఉద్యోగం విడిచి, ముప్పై దాటిన వయసులో తెలుగు నేర్చుకుని, 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు మిషనరీగా వచ్చాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందాడు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో, మీరు మా కోసం ఆస్తులు ఇచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, మాకు స్నేహితులను ఇవ్వండి అని ముఖం మీదే చెప్పాడు. తెల్లదొరలు భారతీయ పనివారిని ఇంటికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవడం అరుదుగా ఉన్న రోజుల్లో, వారి సభలోనే నిలబడి ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో ఊహించుకోవచ్చు. ఆ సభలో కొందరికి ఆ మాట రుచించలేదు.

ఎద్దుబండి మీద పల్లెలు తిరుగుతూ, బాప్తిస్మం పొందినవారి చేత తలపై చేయి పెట్టించి, నేను సువార్తను ప్రకటింపకపోతే నాకు శ్రమ అని పౌలు మాటను చెప్పించేవాడన్నది అందరికీ తెలిసిన జ్ఞాపకం. విశ్వసించిన ప్రతివాడూ సాక్షి కావాలన్నది ఆయన పట్టు. దేశీయ సంగీతాన్ని, నాటకాన్ని, భజనను ఆరాధనలోకి ఆహ్వానించాడు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ కెథీడ్రల్‌లో హిందూ, ముస్లిం శిల్పరీతులు క్రైస్తవ రీతితో కలిసి కనిపిస్తాయి. ఇవన్నీ మన సంచికల్లో వస్తాయి. రానివి కూడా ఉన్నాయి. 1930లలో సామూహిక మతమార్పిడుల విషయంలో గాంధీజీకీ ఆయనకూ తీవ్రమైన భేదాభిప్రాయం కలిగింది. అదే కాలంలో భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని, మతం పేరుతో రాజకీయ వర్గంగా విడిపోతే సువార్తకే నష్టమని ఆయన వాదించాడు. ఆ వాదం అప్పటి క్రైస్తవ నాయకులందరికీ నచ్చలేదు, ఇప్పటివారికీ నచ్చకపోవచ్చు. నచ్చినా నచ్చకపోయినా అది ఆయన ఆలోచనలో ముఖ్యమైన భాగం. దాన్ని వదిలేసి ఎద్దుబండి బొమ్మ ఒక్కటే అచ్చువేస్తే ఆయన్ను గౌరవించినట్లు కాదు. 1945 జనవరి 1న ఆయన మరణించాడు, తాను ఎంతో పాటుపడిన దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) 1947 సెప్టెంబరు 27న ఏర్పడడం చూడలేదు.

భక్త్ సింగ్ గారి గురించి రాసేటప్పుడు ఇంకొక జాగ్రత్త కావాలి. 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, విద్యార్థిగా ఉన్నప్పుడు తనకు ఇచ్చిన బైబిలును అందమైన అట్ట మాత్రం ఉంచుకుని చించివేసి, ఇంజనీరింగు చదువుకు విదేశాలకు వెళ్లి, కెనడాలో 1932లో బాప్తిస్మం పొంది, 1933లో తిరిగివచ్చిన ఆయన జీవితం సహజంగానే ఆశ్చర్యకరం. హైదరాబాదులో హెబ్రోను అనే తన సంఘ కేంద్రంలో దశాబ్దాలు ఉండి, 2000 సెప్టెంబరు 17న అక్కడే మరణించాడు. తెలుగు మాతృభాష కాని మనిషి ప్రసంగం తెలుగువారిని అన్ని సంవత్సరాలు కదిలించిందంటే పక్కన నిలబడి తెలుగు చేసిన అనువాదకుల పాత్ర చిన్నది కాదు. ఇంత ఉన్నప్పుడు, ఈ జీవితానికి మనం కొత్త అద్భుతాలు అతికించడం ఎందుకు? ఒకే సంఘటన ఒక చిన్న పుస్తకంలో ఒక దైవజనుడి పేరుతోను, మరో పుస్తకంలో మరొకరి పేరుతోను కనిపించడం నేను చూశాను, మీరూ చూసే ఉంటారు. ఆయన స్వయంగా చెప్పిన నియమాలు చాలు: ఏ సొసైటీలోనూ చేరకూడదు, అవసరాల కోసం మనుషులను అడగకూడదు, సొంత ప్రణాళికలు వేసుకోకూడదు. ఆయన పేరు తలచుకుంటూనే ఫ్లెక్సీ మీద తన ఫొటో కింద బ్యాంకు ఖాతా నంబరు వేయించుకునే ప్రసంగీకులు ఈ మూడింటిలో రెండో నియమాన్ని ఎక్కడ పెట్టుకున్నారో నాకు తెలియదు.

లోపాలు దాచవద్దని మొదట అన్నాను. దాచకూడని వాటిలో మొదటిది కులం. మిషన్లు మాల, మాదిగ పల్లెల్లో వేరువేరుగా పనిచేసిన ఫలితంగా ఒక ప్రాంతంలో ఒక సంఘం ఒకే కులపు సంఘంగా పెరిగింది. ఆనాటి పరిస్థితిలో బంధుత్వాల వెంట సువార్త వెళ్లడం సహజమే కావచ్చు, కానీ ఆ గోడలు ఈనాటికీ పదవుల ఎన్నికల్లో, పెళ్లి సంబంధాల్లో, ఒకే ఊరిలో రెండు చర్చిల రూపంలో నిలిచి ఉన్నాయని మీకు నాకంటే బాగా తెలుసు. పూర్వ బోధకులు ఈ గోడతో ఎలా పోరాడారో, ఎక్కడ రాజీపడ్డారో రాయకపోతే చరిత్ర సగమే అవుతుంది. వారు పరిశుద్ధులు కావచ్చు, పొరపాట్లు చేయని దేవదూతలు మాత్రం కాదు.

ఇప్పుడు చేయవలసిన పని గురించి. పాత సంఘాలలో బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిస్టర్లు ఉన్నాయి. అవి పాస్టరు ఇంటి బీరువాల్లో, మిషను కాంపౌండు గదుల్లో, కొన్నిచోట్ల చర్చి పక్క గది (వెస్ట్రీ) అటకల మీద ఉన్నాయి. ఒక్కొక్క పేరు పక్కన తండ్రి పేరు, ఊరు పేరు, బాప్తిస్మం ఇచ్చిన వారి పేరు ఉంటాయి. ఆ చివరి గడి మనకు కావలసింది. బాప్తిస్మం ఇచ్చినవారి పేర్లు వరుసగా ఎత్తి రాసుకుంటూ పోతే, ఏ బోధకుడు ఏ సంవత్సరాలలో ఏ పల్లెలలో తిరిగాడో ఒక పటం మీద గుర్తించవచ్చు. చెదలు, తడి, స్థలాల వివాదాలు, కాంపౌండు అమ్మకాలు వీటిని ఒక్కొక్కటిగా మింగుతున్నాయి. ప్రతి సమాజం తన అధీనంలోని రిజిస్టర్ల జాబితా తయారుచేసి, స్కాను చేయించి, ఒక ప్రతిని వేదాంత కళాశాల గ్రంథాలయంలో ఉంచాలని నా విన్నపం.

ఇక్కడ మీకు ఒక భయం ఉంటుంది, అది న్యాయమైనదే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా లేదు, అందువల్ల రిజిస్టరులో పేరు బయటపడితే బతికున్నవారికి చిక్కు రావచ్చు. కాబట్టి 1920కి పూర్వపు రిజిస్టర్లను మాత్రమే పరిశోధనకు తెరిచి, తరువాతివాటిని భద్రపరచడంతో ఆపండి. మన బోధకుల చరిత్రకు ఆ పాతవే చాలు.

అమెరికన్ బాప్టిస్టుల పత్రాలు అట్లాంటాలోను, సి.ఎం.ఎస్. పత్రాలు బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయంలోను ఉన్నాయి. మిషనరీల పాత నివేదికల్లో పేరు లేని 'సహాయకుడు' మరో ఏడాది నివేదికలో పేరుతో కనిపించడం కద్దు, రెంటినీ పక్కపక్కన పెట్టి చదివేవారు కావాలి. ప్రతి ఏటా బి.డి., ఎం.టి.హెచ్. వేదాంత విద్యార్థులు సిద్ధాంత వ్యాసాలు రాస్తారు. వారిలో కొందరికి జర్మను వేదాంతుల మీద కాకుండా ఒక్కొక్క తెలుగు బోధకుడి మీద, ఒక్కొక్క బైబిలు స్త్రీ మీద పని అప్పగించి, ఆ వ్యాసాలను తెలుగులోనే రాయనివ్వండి. రామాయపట్నం వేదాంత పాఠశాలలో చదివి పల్లెలకు వెళ్లిన మొదటి తరం బోధకుల మనుమలు, మునిమనుమలు ఇంకా ఉన్నారు. వారి ఇళ్లలో చెప్పుకునే కథలను రికార్డు చేయించండి, కానీ విన్నదాన్ని విన్నట్లుగా, రాతలో ఉన్నదాన్ని రాతలో ఉన్నట్లుగా వేరుచేసి చూపించండి. సంచికలో అచ్చయ్యే ప్రతి సంఘటన కింద అది ఎక్కడినుంచి వచ్చిందో ఒక వాక్యం ఉండాలని సంపాదకులకు నియమం పెట్టండి. ఆ ఒక్క నియమంతో సగం అద్భుతాలు వాటంతట అవే రాలిపోతాయి, మిగిలినవి నిలుస్తాయి.

పని మొదలుపెట్టడానికి పెద్ద నిధి అవసరం లేదు. ముందు వేలంపల్లి ఏటిలో దిగిన ఆరుగురి పేర్లు, ఊళ్లు, కుటుంబాలు, సమాధులు ఎక్కడున్నాయో నిర్ధారించే బాధ్యతను చరిత్ర తెలిసిన ముగ్గురికి మీ వచ్చే కార్యనిర్వాహక సమావేశంలోనే అప్పగించండి. 2028 వేడుకల ఆహ్వాన పత్రిక అచ్చయ్యే నాటికి ఆ ముగ్గురు తమ నివేదికను మీకు ఇవ్వాలి, మీరు దాన్ని సంఘాలన్నిటికీ పంపాలి. మీ నిర్ణయం ఏదైనా, సంఘాలకు లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
తెలుగు సంఘాలలో ఒక సామాన్య విశ్వాసి